కంప్యూటర్ ఆన్ కాకపోయినా, మధ్యలో ఆగి మళ్ళీ మొదలైనా: ఫార్మాట్ కొట్టేముందు చూసుకోవాల్సినవి

ముందు ఒక తెల్లకాగితం తీసుకుని సీపీయూ డబ్బా మీద టేపుతో అంటించండి. పాత పోస్టాఫీసుల్లో లాగా ఒక పెన్నుకి పురికొస కట్టి పక్కనే వేలాడదీయండి. కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ దాని మీద మూడు ముక్కలు రాయాలి: టైమెంత, తెర మీద ఏం కనిపించింది, ఆ నిమిషంలో ఇంట్లో ఇంకేం నడుస్తోంది. నీళ్ళ మోటారు వేశారా, ఫ్రిజ్ అప్పుడే ఎత్తుకుందా, కరెంటు రెప్పపాటు పోయి వచ్చిందా, బయట వాన పడుతోందా, అన్నీ. నాలుగైదు రోజులు రాస్తే చాలు. చాదస్తంలా అనిపించొచ్చు గానీ, నేను పట్టుకున్న జబ్బుల్లో చాలావాటికి మొదటి ఆచూకీ ఇలాంటి కాగితం మీదే దొరికింది.

పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. సీపీయూని చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకొచ్చి బల్ల మీద దించిన మనిషి మొదట అనే మాట ఎప్పుడూ ఒకటే: "ఆయ్, విండోస్ పోయిందండీ, ఫార్మాట్ కొట్టేయండి." డిస్కు మొత్తం చెరిపి విండోస్ మళ్ళీ ఎక్కిస్తే సాయంత్రానికి పనైపోతుంది, నాకు డబ్బులూ వస్తాయి. వారం తిరక్కుండా అదే మనిషి అదే సీపీయూతో మళ్ళీ వస్తాడు, ఈసారి కోపంగా. మన గోదావరి డెల్టాలో కంప్యూటర్‌కి మొదటి శత్రువు కరెంటు, రెండోది చెమ్మ. విండోస్ వంతు ఆ తర్వాతే. అందుకే ఇదే వరసలో వెతకమంటాను.

మీ జబ్బు ఏ రకమో తేల్చుకోండి

బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే అది ఒక రకం. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, కానీ విండోస్ గుర్తు వచ్చేలోపే ఆగిపోతుంది, లేదా నల్లతెర మీద ఇంగ్లీషులో ఏదో రాస్తుంది. ఇది రెండోది. విండోస్ చక్కగా వచ్చి, పని చేసుకుంటుండగా ఉన్నట్టుండి ఆగి, దానంతటదే మళ్ళీ మొదలైతే అది మూడోది.

మూడో రకంలో ఇంకో తేడా కూడా గమనించాలి. నీలం తెర వచ్చి ఆగుతోందా, దీపం ఊదేసినట్టు ఒక్కసారిగా ఆరిపోతోందా? నీలం తెర వచ్చిందంటే విండోస్‌కి ఏదో తేడా తెలిసింది, చెప్పి మరీ ఆగింది. చప్పున ఆరిపోయిందంటే మాత్రం విండోస్‌కి తెలిసే వ్యవధి కూడా లేదు. ఎక్కడో కరెంటు తెగింది, లేదా వేడికి తట్టుకోలేక ప్రాసెసర్ తనను తాను ఆపేసుకుంది. ఈ ఒక్క తేడా కాగితం మీద రాసి తెస్తే నాకు సగం పని తగ్గుతుంది.

కరెంటు: గోడ నుంచి సీపీయూ దాకా

భీమవరం దగ్గర ఒక పల్లెలో ఫొటో స్టూడియో నడుపుతున్న కుర్రాడి సంగతి చెబుతాను. పెళ్ళి వీడియోలు రాత్రిళ్ళు కూర్చుని ఎడిటింగ్ చేస్తాడు. నాలుగు గంటల రెండరింగ్ మూడో గంటలో ఆగిపోయి మళ్ళీ మొదటికొస్తోంది. నా దగ్గరికి వచ్చేసరికే విండోస్ రెండుసార్లు మార్పించాడు, గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగినట్టు మార్చి అందించే ఎస్ఎంపీఎస్ కొత్తది వేయించాడు. "అన్నయ్యగారూ, పగలు మీ షాపులో పెడితే బంగారంలా నడుస్తుందండీ, మా ఇంటికెళ్తేనే దానికి పూనకం" అన్నాడు. కాగితం అంటించమని పంపేశాను. వారం తర్వాత తెచ్చిన కాగితం మీద టైములు చూడండి: 10:05, 9:50, 10:10, 9:55. తెల్లవారుజామున ఒక్కటీ లేదు, పగలు ఒక్కటీ లేదు.

మర్నాడు రాత్రి మల్టీమీటర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. ఊరి చుట్టూ రొయ్యల చెరువులే. చీకటి పడ్డాక నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి రైతులు రాత్రి పొద్దుపోయాక ఏరేటర్లు వేస్తారు. పదింటికి ఒకదాని తర్వాత ఒకటి చెరువుల మీద చప్పుడు మొదలైంది. ప్లగ్గులో అప్పటిదాకా 218 చూపిస్తున్న మీటరు 190కి వచ్చింది, అక్కడి నుంచి 168కి జారింది. బల్ల కింద యూపీఎస్ టక్‌మంది. మరుక్షణం తెర నల్లబడింది. అప్పుడు దొరికింది దొంగ. వోల్టేజీ తగ్గగానే యూపీఎస్ తన పని తాను సరిగ్గానే చేసి బ్యాటరీకి మారింది, కానీ ఆ బ్యాటరీ చచ్చిపోయి ఎన్నాళ్ళయిందో. మూడేళ్ళ క్రితం కొన్న యూపీఎస్‌ని అతను ఒక్కసారి కూడా పరీక్షించలేదు. 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా అవుతుంది. అది మార్చాక పూనకం తగ్గింది. ఎస్ఎంపీఎస్‌కి పెట్టిన డబ్బు మాత్రం వృథా.

కాబట్టి మీ మొదటి పరీక్ష యూపీఎస్‌కే. కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేసి, యూపీఎస్‌కి మామూలు బల్బు ఒకటి తగిలించి వెలిగించండి. యూపీఎస్ ప్లగ్గుని గోడలోంచి పీకేయండి. బల్బు వెంటనే ఆరిపోయినా, నిమిషంలోపు ఆరిపోయినా బ్యాటరీ మార్చాల్సిందే. ఈ చిన్న బ్యాటరీలు రెండు మూడేళ్ళకి మించి నమ్మకంగా ఉండవు, మన ఎండలకి ఇంకా ముందే పోతాయి. ఇంకో మాట: లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించకండి. దాని లోపల హీటర్ ఉంటుంది. పేజీ లాగేటప్పుడు అది లాగే కరెంటుకి చిన్న యూపీఎస్ చేతులెత్తేస్తుంది. "ప్రింట్ కొట్టినప్పుడల్లా ఆగిపోతుందండీ" అని జిరాక్స్ షాపుల వాళ్ళు తెచ్చే కేసుల్లో నేను మొదట చూసేది ఇదే.

యూపీఎస్ లేకుండా ఇంటి ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవాళ్ళు దాని వెనక వైపు చూడండి. చాలా ఇన్వర్టర్లకి ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒక పక్క యూపీఎస్ అనీ, ఇంకో పక్క నార్మల్ అనో ఎకో అనో రాసి ఉంటుంది. కరెంటు పోయిన క్షణానికీ బ్యాటరీ అందుకునే క్షణానికీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది. మంచి ఎస్ఎంపీఎస్ ఆ ఖాళీని 16, 17 మిల్లీసెకన్ల దాకా ఓర్చుకుంటుంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ ఆ లోపే మారుతుంది. నార్మల్ మోడ్‌లో ఆలస్యమవుతుంది. ఫ్యానుకీ ట్యూబ్‌లైటుకీ తేడా తెలియదు, కంప్యూటర్ మాత్రం పడిపోతుంది. స్విచ్ ఒక్కటి అటు నొక్కితే తీరిపోయే జబ్బుకి మదర్‌బోర్డు మార్పించుకున్నవాళ్ళని చూశాను. యూపీఎస్ మోడ్‌లో ఒక చిక్కు ఉంది. వోల్టేజీ సుమారు 180కి తగ్గితే చాలు, అది బ్యాటరీకి మారిపోతుంది. లో వోల్టేజీ ఎక్కువగా ఉండే ఊళ్ళలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంటే ముందు ఒక స్టెబిలైజర్ పెట్టుకోవాలి.

మనకి రావాల్సింది 230 వోల్టులు, ఆరు శాతం అటూ ఇటూ. మీటరు పట్టడం అలవాటు లేకపోతే ప్లగ్గులో పుల్లలు పెట్టి ప్రయోగాలు చేయకండి, ఊళ్ళో వైర్‌మ్యాన్‌ని పిలిచి రాత్రి పూట చూడమనండి. పగలు చూస్తే ఏమీ తెలియదు. ఎస్ఎంపీఎస్ పక్కన స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అని రాసి ఉన్న అంకెలు కూడా చదవండి. 100 నుంచి 240 అని ఉంటే అది లో వోల్టేజీకి కొంత ఓర్చుకునే రకం. 180 నుంచి అనో, ఒట్టి 230 అనో ఉంటే మన పల్లెల్లో దానికి కష్టకాలమే.

తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్సు. కంప్యూటర్ నడుస్తుండగా కాదు, అన్నీ ఆపేశాక ప్లగ్గు పీకి దాని పిన్నులు చూడండి. గోధుమరంగు మచ్చ గానీ కాలిన వాసన గానీ ఉంటే బాక్సు పారేయండి. ఎస్ఎంపీఎస్ వెనక గుచ్చే మూడు పిన్నుల పవర్ కార్డు వదులుగా ఊగుతుంటే, బల్ల కదిలినా కంప్యూటర్ ఆగుతుంది. పిల్లలు కాలు తగిలించి "నేనేం చేయలేదు" అనే కేసులన్నీ ఇవే.

ఎర్తింగ్ సంగతి కొంచెం ఓపిగ్గా వినాలి. సీపీయూ వెనక ఇనప భాగం తాకితే వేలికి జిమజిమలాడుతోందా? ఎస్ఎంపీఎస్ లోపల ఉండే ఫిల్టర్‌కి ఎర్త్ తీగ ఆధారం. అది లేనప్పుడు డబ్బా మొత్తం సుమారు సగం వోల్టేజీ దగ్గర వేలాడుతూ ఉంటుంది. మనిషికి చురుక్కుమంటుంది, పెన్‌డ్రైవ్‌లూ ప్రింటర్లూ గుచ్చినప్పుడు కంప్యూటర్ ఉలిక్కిపడి రీస్టార్ట్ అవుతుంది. మన నేలలో చెమ్మకి కొదవ లేదు, ఎర్తింగ్ బాగా కుదరాలి నిజానికి. కానీ ఉప్పునీటి పక్క ఊళ్ళలో, అంతర్వేది వైపో నరసాపురం వైపో, ఎర్త్ గొయ్యిలో పైపుకి బిగించిన క్లాంపు తుప్పు పట్టి విడిపోయి ఉంటుంది. స్విచ్‌బోర్డులో ఆకుపచ్చ తీగ ఉంటుంది, దాని రెండో కొస ఎక్కడికీ పోదు. వైర్‌మ్యాన్ వచ్చినప్పుడు గొయ్యి దాకా తీసుకెళ్ళి చూపించమనండి.

బటన్ నొక్కినా పలకనప్పుడు

గోడ ప్లగ్గు, కార్డు, ఎస్ఎంపీఎస్ వెనక ఉన్న స్విచ్, ఇవి మూడూ చూశాక అనుమానం ముందు బటన్ మీదికి పోవాలి. చెమ్మకి దాని లోపలి స్ప్రింగ్ తుప్పు పడుతుంది. ఒక్కోసారి నొక్కినా అంటుకోదు, ఒక్కోసారి నొక్కింది వెనక్కి రాదు. పవర్ బటన్‌ని నాలుగైదు సెకన్లు పట్టి ఉంచితే కంప్యూటర్ బలవంతంగా ఆగిపోవాలన్నది దాని నియమం. కాబట్టి ఆన్ చేసిన నాలుగైదు సెకన్లకే ప్రతిసారీ ఆగిపోతుంటే, బటన్ లోపల ఇరుక్కుని ఉందేమో చూడండి. రీసెట్ బటన్ ఇరుక్కున్నా తెర రాదు. డబ్బా తెరిచి, మదర్‌బోర్డు మూల నుంచి ఆ బటన్ల సన్న తీగలు పీకేసి, పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులని స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ మేలుకుంటే జబ్బు బటన్‌దే. రీసెట్ తీగని పవర్ పిన్నులకి తగిలిస్తే రీసెట్ బటనే పవర్ బటన్ అవుతుంది, పైసా ఖర్చు లేదు.

ఎస్ఎంపీఎస్‌ని మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా దాని లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. అది పోయిందన్న అనుమానం ఉంటే, పక్కింటి వాళ్ళదో స్నేహితుడిదో బాగున్న ఎస్ఎంపీఎస్ తగిలించి చూడటమే తేలిక దారి.

డబ్బా తెరిచి చెమ్మనీ దుమ్మునీ చూడటం

ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన ఛార్జ్ పోతుంది. డబ్బాని వరండాలోకి తీసుకెళ్ళండి. పక్క రేకు విప్పాక ముందు డబ్బా ఇనుముని చేత్తో తాకండి, ఒంట్లో ఉండే స్టాటిక్ దిగిపోతుంది.

మన ప్రాంతపు డబ్బాల్లో ఏముంటాయో చెబితే బయటివాళ్ళు నమ్మరు. కోనసీమలో పీచు మిల్లుల పక్క ఇళ్ళ నుంచి వచ్చిన వాటిలో కొబ్బరి పొట్టు ఫెల్ట్ గుడ్డలా పేరుకుని ఉంటుంది. రైస్ మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లో తవుడు. ఆ తవుడు వాసనకి చలిచీమలు, చీమల కోసం బల్లి, బల్లి పెట్టిన గుడ్లు. ఒకసారి ఎస్ఎంపీఎస్ ఫ్యాను రెక్కల మధ్య ఎండిపోయిన బల్లిని పట్టకారుతో లాగాను. ఆ కంప్యూటర్ ఓనరు తాసిల్దారు ఆఫీసు నుంచి కొడుకు దాకా అందరి మీదా అనుమానపడ్డాడు, బల్లి మీద తప్ప.

బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలని పెన్సిల్‌తో ఆపి ఉంచండి, గాలికి గిరగిరా తిరిగితే బేరింగులు పోతాయి. తడిగుడ్డ ముట్టించొద్దు. వర్షాకాలంలో దుమ్ము చెమ్మ తాగి బంకమట్టిలా అంటుకుని ఉంటే మెత్తటి బ్రష్షుతో మెల్లగా రేపి, మళ్ళీ ఊదండి.

ఇప్పుడు ర్యామ్, అంటే మదర్‌బోర్డు స్లాటులో గుచ్చి ఉండే మెమరీ కర్ర. తెర రాకుండా బీప్ బీప్‌మంటున్నా, ఫ్యాన్లు తిరిగి రెండు సెకన్లకి ఆగి మళ్ళీ తిరుగుతున్నా, నేను మొదట చేయి పెట్టేది దీని మీదే. స్లాటు చివర క్లిప్పులు వెనక్కి నొక్కితే కర్ర పైకి లేస్తుంది. దాని అడుగున బంగారు రంగు పళ్ళ వరస చూడండి. మెరవాల్సింది మసకబారి, రాగిచెంబుకి చిలుం పట్టినట్టు ఉంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఏడాదికోసారి ఇలా అవుతూనే ఉంటుంది. పిల్లల జామెట్రీ బాక్సులోంచి తెల్ల రబ్బరు తీసుకుని, ఆ పళ్ళని ఒకే దిక్కుగా మెల్లగా రుద్దండి. పొట్టు రాలగొట్టి, పొడి గుడ్డతో తుడవండి. వేళ్ళతో పళ్ళని తాకకండి, చెమటలో ఉప్పే మళ్ళీ చిలుం. స్లాటులో బ్లోయర్‌తో ఊది, ర్యామ్‌ని రెండు పక్కలా టక్ టక్‌మని క్లిప్పులు పడేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి ఆన్ చేసి చూడండి. ఏది పెడితే ఆగుతోందో అదే దోషి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే దానికీ ఇదే వైద్యం.

కొత్త మదర్‌బోర్డుల్లో బీప్ బదులు నాలుగు చిన్న లైట్లుంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. కంప్యూటర్ ఎక్కడ ఆగిందో ఆ లైటు వెలుగుతూ ఉండిపోతుంది. ర్యామ్ తీసే ముందే అది చూసుకుంటే సగం శ్రమ తప్పుతుంది. పాత బోర్డుల్లో అయితే ప్రాసెసర్ చుట్టూ నిలబడ్డ చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తి చూడండి. చదునుగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఊరికే రీస్టార్ట్ అవడానికి అదే కారణం. అది ఇంట్లో చేసుకునే పని కాదు.

తేదీ వెనక్కి పోతుంటే

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళ లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032, మూడు వోల్టులది. దాని పని తేదీనీ సెట్టింగులనీ గుర్తుపెట్టుకోవడం. అది దిగిపోతే పొద్దున ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమని అడుగుతుంది, తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది, బ్యాంకు సైట్లన్నీ సురక్షితం కాదని మొరాయిస్తాయి. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఎక్కువమందికి తెలియనిది ఇంకోటి ఉంది. సెట్టింగులు చెరిగిపోయినప్పుడు డిస్కు నడిచే పద్ధతి, బూట్ పద్ధతి కూడా మొదటికి వెళ్ళిపోవచ్చు. అప్పుడు బాగున్న విండోసే నీలం తెర చూపిస్తుంది, లేదా బూట్ డివైస్, అంటే విండోస్ ఉన్న డిస్కు, లేదంటుంది. బ్యాటరీ కొత్తది వేసి, బయోస్‌లోకి (విండోస్‌కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్ళి ఆ రెండు సెట్టింగులూ ముందున్నట్టు పెడితే లేచి కూర్చుంటుంది. ముందు ఎలా ఉండేవో గుర్తుండాలి కదా. అందుకే కంప్యూటర్ బాగున్న రోజునే బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ ఖరీదు కిళ్ళీ, కూల్‌డ్రింకు లెక్కలోనిదే.

బూట్ డివైస్ లేదన్న మాట కనిపించగానే కంగారు పడకండి, ముందు పెన్‌డ్రైవ్‌లన్నీ పీకేయండి. కంప్యూటర్ వాటిలో విండోస్‌ని వెతుక్కుంటూ ఉంటుంది పాపం. పీకినా అదే మాట అంటుంటే డిస్కు కేబుల్ రెండు కొసలూ తీసి మళ్ళీ గుచ్చండి. హార్డ్ డిస్కు టిక్, టిక్ అని గడియారంలా కొట్టుకుంటుంటే ఇక ఆన్ చేయడం ఆపండి. ఆన్ చేసిన కొద్దీ లోపలి ఫొటోలూ లెక్కలూ తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

పది నిమిషాలకి ఆగుతుంటే వేడి

ఆన్ చేసిన పది, పదిహేను నిమిషాలకి ఆగి, వెంటనే మళ్ళీ ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆగి, గంట చల్లారాక చేస్తే మళ్ళీ పావుగంట నడుస్తోందా? ఇది వేడి. బయోస్‌లో ఉష్ణోగ్రత చూపించే పేజీ ఉంటుంది. పని లేకుండా ఊరికే ఉన్నప్పుడే 80 దాటి ఎక్కుతుంటే ప్రాసెసర్ మీది ఫ్యాను చూడాలి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల చుట్టుపక్కల తమను తాము కాపాడుకోవడం మొదలుపెడతాయి. ఫ్యాను కింది అల్యూమినియం దిమ్మెని నాలుగు ప్లాస్టిక్ పిన్నులు పట్టి ఉంచే రకంలో, సాధారణంగా ఒక పిన్ను లేచిపోయి దిమ్మె ఒక పక్కకి వాలి ఉంటుంది. తీసి చూస్తే థర్మల్ పేస్టు ఎండిపోయి సున్నంలా రాలుతుంది. పాతది శుభ్రంగా తుడిచి, మధ్యలో కందిపప్పు బద్దకన్నా కొంచెం పెద్ద చుక్క పెట్టి బిగించండి. దోశ పిండిలా పూయకండి, ఎక్కువైనా నష్టమే.

బల్ల కింద చెక్క అరలో సీపీయూని బిగించి తలుపేసేవాళ్ళకి ఒక్కటే మాట, ఆ తలుపు తీసేయండి.

ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు విండోస్

నీలం తెర మీద అక్షరాలు చదివేలోపే మాయమవుతుంటే, దాన్ని ఆగి ఉండేలా చేయండి. దిస్ పీసీ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ. అక్కడ ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్న చోట టిక్ తీసేయండి. ఇకనుంచి నీలం తెర మీరు ఫొటో తీసుకునేదాకా కదలదు.

తర్వాత స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కండి. వందల వరసలుంటాయి, బెదిరిపోవద్దు. మీ తెల్లకాగితం మీది టైము దగ్గరికి వెళ్ళి మూడు నంబర్ల కోసమే చూడండి. 1074 ఉంటే ఎవరో చెప్పి ఆపారు, చాలాసార్లు అప్‌డేట్ వచ్చి రీస్టార్ట్ అయి ఉంటుంది, అది జబ్బు కాదు. 6008 ఉంటే అంతకుముందు చెప్పకుండా ఆగిపోయిందని. 41, కెర్నల్ పవర్ అని ఉంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్ళీ మొదలైందని. ఈ 41ని చూసి విండోస్ పాడైందనుకుంటారు చాలామంది. దాన్ని తెరిచి డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ చూడండి. అక్కడ సున్నా ఉంటే విండోస్ ఏ తప్పునీ నమోదు చేసుకోలేకపోయింది, మళ్ళీ పైకి వెళ్ళి కరెంటు, వేడి చూసుకోండి. వేరే అంకె ఉంటే నీలం తెర వచ్చిందన్నమాట, డ్రైవరో ర్యామో డిస్కో తేలాలి. స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని కొడితే ర్యామ్ పరీక్ష అదే చేసిపెడుతుంది, రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేయండి.

కొత్తగా ఏదైనా సాఫ్ట్‌వేర్ గానీ అప్‌డేట్ గానీ వచ్చిన మర్నాటి నుంచే గొడవ మొదలైతే దాన్నే తీసేయాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తప్పు అప్‌డేట్‌కి ప్రపంచం మొత్తం మీద సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరల్లో చిక్కుకున్నాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. మందు ఏమిటంటే విండోస్‌ని అత్యవసరమైన వాటితోనే నడిపే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైల్ తీసేయడం. ఫార్మాట్ అవసరమే రాలేదు. మీ కంప్యూటర్‌కీ అదే దారి. విండోస్ లోపలికి పోలేకపోతుంటే, గుర్తు తిరుగుతుండగా పవర్ బటన్ పట్టుకుని ఆపండి, ఇలా వరసగా రెండు మూడుసార్లు చేస్తే ఆటోమేటిక్ రిపేర్ తెర వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో స్టార్టప్ రిపేర్, అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, సిస్టమ్ రిస్టోర్, స్టార్టప్ సెట్టింగ్స్ కింద సేఫ్ మోడ్ ఉంటాయి. ఆ వరసలోనే ప్రయత్నించండి. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉండొచ్చు, ఫోన్‌లో లాగిన్ అయి చూడండి. ఆ కీ దొరికేదాకా విండోస్ రీసెట్ జోలికి పోకండి.

పిడుగులు, వరదలు

ఉరుము వినబడగానే ప్లగ్గు పీకడం మనవాళ్ళకి అలవాటే. నెట్ వైరు పీకడం అలవాటు లేదు. స్తంభం నుంచి కొబ్బరిచెట్ల మీదుగా లాగిన కేబుల్ రాగిదైతే పిడుగుపాటు కరెంటు దాని గుండానే ఇంట్లోకొస్తుంది. ఫైబర్ అయినా రూటర్ అడాప్టరు నుంచీ, రూటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న తీగ నుంచీ రావొచ్చు. రెండూ పీకండి.

లంక గ్రామాల వాళ్ళకీ, ఏటిగట్టు పక్కవాళ్ళకీ ఒక లెక్క చెబుతాను. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటిది ఎగరగానే నేల మీది సీపీయూ, యూపీఎస్ అటక ఎక్కాలి. ఒకవేళ నీళ్ళు తాకితే ఆన్ చేసి చూడాలన్న ఆత్రం చంపుకోండి. నీటికన్నా ఆ తడిలో కరెంటు పారడం వల్లే బోర్డు కాలిపోతుంది. బటన్ బ్యాటరీ కూడా తీసేసి, డిస్కు విడిగా తీసి, మిగతావి నీడలో గాలికి వారం ఆరనివ్వండి. బియ్యంలో పాతిపెట్టొద్దు, తవుడు పోయి స్లాటుల్లో చేరుతుంది, ఆ కథ పైన చెప్పాను. మునిగిన హార్డ్ డిస్కుని ఆరబెట్టి తగిలించకండి, నేరుగా డేటా రికవరీ చేసేవాళ్ళకి ఇవ్వండి.

షాపుకి తేవాల్సి వస్తే

సీపీయూతో పాటు మీ పవర్ కార్డు, వీలైతే యూపీఎస్ కూడా తీసుకురండి. జబ్బు వాటిలోనే ఉండి, డబ్బా ఒక్కటే వస్తే షాపులో అది బుద్ధిగా నడుస్తుంది. ర్యామ్ మీదా డిస్కు మీదా ఉండే స్టిక్కర్లని ఇంటి దగ్గరే ఫొటో తీయండి. మార్చిన పాత పార్టు అడిగి మరీ వెనక్కి తీసుకోండి, ఇవ్వనంటే ఎందుకో అడగండి. ఫార్మాట్ అన్న మాట ఎవరు ఎత్తినా ముందు డేటా వేరే డిస్కులోకి కాపీ అయిందా లేదా మీ కళ్ళతో చూసుకోండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, ట్యాలీ డేటా ఉండే ఫోల్డర్‌లో, మూడు చోట్లా. తెల్లకాగితాన్ని మాత్రం డబ్బా మీంచి పీకకండి, అలాగే తీసుకురండి.